సత్తెనపల్లి పేరు, తాలు కాయల బీరు

“ఇది అబద్ధం,” అంది శ్రీదివ్య, సీసా మీది అక్షరాలను వేలితో పొడుస్తూ.

నమస్కారమైనా చెప్పనివ్వలేదు. మండుటెండలో చిలకలూరిపేట నుంచి బైక్ మీద వచ్చిన మనిషికి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా అబద్ధాలకోరు అనడం సత్తెనపల్లి మర్యాద కాబోలు అనుకున్నాను.

నా పేరు ప్రభు. ఒక చిన్న బీరు కంపెనీలో సేల్స్ ఉద్యోగం. మా ఓనర్ మిరపకాయ వేసి కొత్త బీరు తయారుచేయించి, దానికి ‘గుంటూరు ఘాటు’ అని పేరు పెట్టాడు. కాయలేమో సత్తెనపల్లివి. సంగతి తెలిసి ఇక్కడి మిర్చి రైతుల సంఘం అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాసింది. శుక్రవారంలోగా సంఘం ఒప్పుకున్నట్టు కాగితం తేకపోతే ఉద్యోగానికి రావద్దన్నాడు ఓనర్. ఆ సంఘానికి సెక్రటరీ ఈ అమ్మాయి.

గుంటూరులో ఉన్నది కాయలమ్మే మిర్చి యార్డేనని, చేలు తమవని, పురుగుతో తెగులుతో చచ్చేది తామైతే పేరు వాళ్ళకెందుకని అరగంట క్లాసు పీకింది. గుంటూరంటే ఢిల్లీలోనైనా తెలుస్తుంది, సత్తెనపల్లి అంటే మ్యాపులో వెతుక్కోవాలి అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇంకో అరగంట పట్టింది.

ఓనర్‌ని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. బుధవారం ‘సత్తెనపల్లి ఘాటు’ అని కొత్త లేబుల్ తెచ్చాను. ఆమె రెండుసార్లు చదివింది. ఇక సంతకమే అనుకుని పెన్ను మూత తీశాను.

“కాయలు మావేనని రుజువేంటి?” అంది.

కోపంగా పెన్ను మూత పెట్టేశాను. ఆ కోపంలోనే, ఆమె నవ్వు ఆపుకుంటోందని, అప్పుడు ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందని కూడా గమనించాను. నా మీద నాకే చిరాకేసింది.

శుక్రవారం పొద్దున్నే కంపెనీ గోడౌన్ నుంచి సంచెడు కాయలు పట్టుకొచ్చాను. ముందు సంఘం ఆఫీసుకెళ్తే, ప్రెసిడెంట్ కోటిలింగం గారు ఈ గోల తన వల్ల కాదంటూ కాగితం మీద సంతకం పెట్టేశారు. నా పని అయిపోయింది. వెళ్ళిపోవచ్చు. కానీ గెలిచానని ఆమెకు చెప్పకుండా ఎలా వెళ్ళను? వాళ్ళ కల్లానికి వెళ్ళాను.

శ్రీదివ్య, వాళ్ళమ్మ సుబ్బరావమ్మ గారు ఎండిన కాయల్లోంచి తెల్లబారినవి ఏరి పక్కన పడేస్తున్నారు. సంచి వాళ్ళ ముందు పెట్టాను. సుబ్బరావమ్మ గారు గుప్పెడు తీసి చూశారు.

“మనవేనమ్మాయ్. తాలు కాయలు,” అన్నారు.

అలా ఏరి పడేసినవాటినే తాలు అంటారట. సీసాలో పోశాక రంగు ఎవడు చూస్తాడని మా ఓనర్ చవగ్గా దొరికే తాలు కొన్నాడన్నమాట.

ఇక అరుస్తుంది అనుకున్నాను. అరవలేదు. నా చేతిలోని సంతకం చూసింది.

“మా ఊరి పేరు పెట్టి జనానికి తాలు తాగిస్తారా? సరే, వెళ్ళి రండి,” అని తల వంచుకుని ఏరడం మొదలుపెట్టింది.

ఆమె తిట్టకపోవడం నేను భరించలేకపోయాను. అక్కడే నిలబడి ఓనర్‌కి ఫోన్ చేశాను. మంచి కాయలైనా కొనండి, ఈ ఊరి పేరైనా తీసేయండి అన్నాను. ఆయన నన్ను తీసేశానన్నాడు. కాగితం నాలుగు ముక్కలు చేశాను.

శ్రీదివ్య గబుక్కున లేచింది. “ఇన్ని రోజులు నా ప్రాణం తీసి తెచ్చుకుని చింపేస్తారేంటి? బుద్ధుందా మీకు? ఇక ఈ ఊళ్ళో ఏం పనుందని వస్తారు?”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది మిరప ఘాటు కాదని నాకు తెలుసు.

“మీకోసం వస్తాను. మీరంటే నాకు ఇష్టమండీ,” అన్నాను.

ఆమె వాళ్ళమ్మ వైపు చూసింది. సుబ్బరావమ్మ గారు తలెత్తకుండానే ఖాళీ గోనెసంచి ఒకటి తమ పక్కన పరిచారు.

“ఎంతసేపు నిలబడతావు బాబూ, కూర్చో. ఈ రాశి ఏరేసి ముగ్గురం అన్నం తిందాం,” అన్నారు.

కూర్చున్నాను. మూడు మంచి కాయల్ని తాలులో వేశానని శ్రీదివ్య తిట్టడం మొదలుపెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.