ఇంటికంతా ఒకే మెయిల్

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు మేలుకునేది మామగారి ట్యాబ్. ఆయన ఒక పెద్ద కంపెనీలో తపాలా విభాగం చూసి రిటైరయ్యారు. వచ్చిన ప్రతి కవరూ ఆయన చేతి మీదుగా వెళ్లాకే ఆఫీసు కదిలేదట. ఆఫీసు వదిలినా ఆ అలవాటు ఆయన్ని వదల్లేదు. ఇంటికంతా కలిపి ఒకటే మెయిల్ అడ్రసు. కరెంటు బిల్లు, పాప బడి నోటీసులు, కొడుకు జీతం చీటీ, అన్నీ దానికే వస్తాయి. పాస్‌వర్డు ఆయన దగ్గరే, కోడు వచ్చేదీ ఆయన ఫోనుకే. కాఫీ తాగుతూ ఒక్కొక్కటీ తెరిచి, ఎవరిది వాళ్లకి చదివి వినిపించి, అక్కర్లేనివి తుడిచేస్తారు. ఆ ఇన్‌బాక్సు ఎప్పుడు చూసినా కడిగిన పళ్లెంలా ఉంటుంది.

"మామయ్యా, నాకేమైనా వచ్చిందా?" కోడలు వంటింటి గుమ్మంలోంచి అడిగింది.

"బిల్లు తప్ప ఏమీ లేదమ్మా."

వారం రోజులుగా అదే ప్రశ్న, అదే జవాబు. ఆమె కాలుగాలిన పిల్లిలా వంటింటికీ హాలుకీ తిరుగుతోంది. పాప జడ ఒక పక్కన వేసి రెండో పక్క మర్చిపోయింది. పాప అలాగే బడికి వెళ్లబోతుంటే అత్తగారు పట్టుకుని రెండో జడ వేసి పంపారు.

"ఆ ఫోను అరిగిపోతుంది. ఎన్నిసార్లు చూస్తావ్?" అన్నాడు భర్త. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆ రోజు సాయంత్రం షిఫ్టు కావడంతో తీరిగ్గా గడ్డం గీసుకుంటున్నాడు.

"ఒకటి రావాలండీ."

"ఏంటది?"

"వచ్చాక చెప్తాను."

"వస్తే నాన్నే చెప్తారుగా. ఆయన కళ్లుగప్పి ఈగ కూడా లోపలికి రాదు."

పెళ్లికి ముందు నుంచీ ఆమె ఒక బట్టల కంపెనీలో ప్యాటర్న్ మేకరు. వేల చొక్కాలు కుట్టే ముందు కాగితం మీద మొదటి చొక్కా గీసే మనిషన్నమాట. పాప పుట్టాక మానేసింది. కిందటేడు మళ్లీ చెయ్యి దురద పెట్టి, కత్తిరింపు మీద చిన్న చిన్న వీడియోలు తీసి నెట్‌లో పెట్టడం మొదలుపెట్టింది. గౌన్లు, దిండు గలీబులు, చేతికొచ్చినవన్నీ పెట్టింది. చూసిన నాథుడు లేడు.

అప్పుడు పై వాటాలో ఉండే నర్సు తన గోడు చెప్పుకుంది. రోగిని లేపడానికి చేతులెత్తితే కోటంతా పైకి లేచిపోతోందట. కోడలు ఆ కోటు విప్పదీసి, చంక దగ్గర కోత పైకి జరిపి, మళ్లీ కుట్టి వీడియో పెట్టింది. ఆ వీడియో కింద నర్సులు బారులు తీరారు. ఇక అప్పట్నుంచి పనివాళ్లు వేసుకునే బట్టలు తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. అడిగిన ప్రతివాళ్లకీ ఓపిగ్గా జవాబు రాసింది. ఇదివరకు చేసిన ఉద్యోగాలూ, బట్టలు సరిచేయకముందూ తర్వాతా తీసిన ఫొటోలూ అన్నీ ఒక పేజీలో పొందిగ్గా సర్దింది. మెయిల్ అడ్రసు అడిగిన చోట మాత్రం, చెయ్యి తిరిగిన అలవాటు కొద్దీ, ఇంటికంతా ఉన్న ఆ మెయిలే కొట్టింది. అక్కడే పప్పులో కాలేసింది.

పోయిన వారం ఒక యూనిఫారాల కంపెనీ వాళ్లు ఆ వీడియో కింద రాశారు: "మీ పని చూశాం. మీ పేజీలో ఉన్న మెయిల్‌కి ఉద్యోగం వివరాలు పంపుతున్నాం." ఆ మాట ఇంట్లో చెప్పలేదు. కెమెరా స్టాండు కొన్న రోజు భర్త "కత్తెర పట్టుకున్న హీరోయిన్ వచ్చింది" అని ఏడిపించాడు. సరదాకే అన్నాడు, నిజమే. కానీ సరదాగా అన్నవి కూడా కొన్ని ఎక్కడో గుచ్చుకుని ఉండిపోతాయి. అందుకే ఉద్యోగం చేతికొచ్చాకే నోరు విప్పుదామనుకుంది.

ఆ పొద్దున్న ఇక ఉండబట్టలేకపోయింది. కుట్టుమిషను ఉన్న వెనక గదిలోకెళ్లి, కంపెనీ నెంబరు వెతికి ఫోను చేసింది. తిప్పి తిప్పి చివరికి మేనేజరుకిచ్చారు. ఆవిడ ముభావంగా మాట్లాడింది.

"మీరే వద్దన్నారు కదమ్మా. వేరేవాళ్లని చూసుకుంటున్నాం."

"నేనా? నాకసలు మీ మెయిలే రాలేదండీ."

"మీ దగ్గర్నుంచి జవాబు కూడా వచ్చింది. చదవమంటారా?" ఆవిడ చదివింది. "తమరి లేఖ అందినది. మా కోడలికి ఉద్యోగావసరం లేదు. ఆమెకు ఇంట్లో ఏ లోటూ లేదు. ఇకపై ఆమెను సంప్రదించరాదు. ఇట్లు, ఇంటి పెద్ద."

"అందినది" అని రాసే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే. ముందు ఆమెకి నవ్వొచ్చింది. ఆ వెంటనే మిషను ముందున్న స్టూలు మీద కూలబడింది.

"అది నేను రాసింది కాదండీ. నాకు తెలీకుండా జరిగింది. ఒక్కసారి నా మాట వినండి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "సాయంత్రానికి ఒకర్ని ఖాయం చేసెయ్యాలి. మూడింటికి వీడియోలో కలవండి. మీరు కుట్టిన కోటు ఎవరికైనా తొడిగి చూపించండి. కానీ ఒక్కటడుగుతాను, ఏమీ అనుకోకండి. రేపు మీకేదైనా రాస్తే, చదివేది మీరేనా?"

ఆమె సిగ్గుపడి, మూడింటికి కలుస్తానని మాత్రం చెప్పి ఫోను పెట్టేసింది.

హాల్లో మామగారు ఇంకా ట్యాబ్ ముందే ఉన్నారు. ఆమె వెళ్లి ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, ఈ వారంలో నా పేరు మీద వచ్చినవేవైనా తుడిచేశారా?"

"మోసం మెయిళ్లు సవాలక్ష వస్తాయమ్మా. ఉద్యోగమిస్తామనేవాళ్లని అసలే నమ్మకూడదు."

"నేను ఉద్యోగం మాట ఎత్తలేదే."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆయన పని. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. భర్త సగం గడ్డంతో బయటికొచ్చాడు. విషయం విని, "నాన్న మంచికే చేశారు. పక్కింటాయన అలాంటి మెయిల్‌తోనే కదా మోసపోయింది" అన్నాడు.

"మోసగాళ్లకి 'మా కోడలికి ఏ లోటూ లేదు' అని ఎవరైనా రాస్తారా అండీ?" ఆమె మామగారి వైపే చూస్తూ అడిగింది. "మోసమనుకుంటే తుడిచేసి ఊరుకునేవారు. నిజమని తెలిసే జవాబిచ్చారు. అవునా, మామయ్యా?"

ఆయన తుడిచిన కళ్లజోడే మళ్లీ తుడుచుకున్నారు. "నువ్వు ఉద్యోగానికెళ్తే ఇల్లేమవుతుందోనని..." అన్నారు.

"నన్నడగొచ్చుగా. ఏ లోటూ లేదని మీరెలా రాశారు? రోజూ పొద్దున లేచి, నాకొచ్చిన పని ఎక్కడ మర్చిపోతానోనని అద్దం ముందు నిలబడి కొలతలు అప్పజెప్పుకుంటాను. అది లోటో కాదో మీకెవరు చెప్పారు?" ఆమె భర్త వైపు తిరిగింది. "మీరూ అంతే. నా గురించి మీరందరూ మంచికే మాట్లాడతారు. నన్నొక్కదాన్నే మాట్లాడనివ్వరు."

అతను తలొంచుకున్నాడు. "ఆ స్టాండు రోజు నేనన్నది ఇంకా మనసులో ఉందా?"

"ఉంది."

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటున్న అత్తగారు లోపలికొచ్చారు. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అప్పుడూ గట్టిగా మాట్లాడలేదు.

"మా చెల్లెలు నాకు ఉత్తరాలు రాసేది. పెళ్లయిన కొత్తలో ఈయన సరదాపడి చదివి వినిపించారు. అదే అలవాటైపోయింది. నాకొక్కదానికే అని అది రాసుకున్న సంగతులు కూడా ముందు ఈయన నోటివెంటే విన్నాను." ఆవిడ భర్త వైపు చూశారు. "నాకు చదవడం వచ్చు."

మామగారు ట్యాబ్ పక్కన పెట్టారు. కోడలి వైపు తిరిగి, "వాళ్ల నెంబరివ్వమ్మా. తప్పు నాదేనని నేనే ఫోను చేసి చెప్తాను" అన్నారు.

"వద్దు మామయ్యా. నేను మాట్లాడుకుంటాను."

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆయనకి మరింత తగిలింది.

మధ్యాహ్నం ఆమె తన ఫోను నెంబరుతో కొత్త మెయిల్ తెరిచి, పేజీలో పాతది తీసేసి అది పెట్టింది. మూడింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పై వాటా నర్సునడిగి తెచ్చిన కోటు తొడుక్కోవడానికి మనిషి కావాలంటే అత్తగారే ముందుకొచ్చారు. భర్త లైటు పట్టుకున్నాడు. వీధిలో హారన్లు వినబడకుండా మామగారు కిటికీలన్నీ మూసి, తాను బయట మెట్ల మీద కూర్చున్నారు.

"చెయ్యి ఆడాలంటే వదులుగా కత్తిరిస్తే సరిపోదా?" అంది మేనేజరు.

"అందరూ అదే పొరపాటు చేస్తారండీ. చంక దగ్గర కోత కిందికి దిగితే చెయ్యితోపాటు కోటూ లేస్తుంది. కోత పైకుండాలి, కోటు చేతికి గుడ్డ ఎక్కువుండాలి. అత్తయ్యా, చేతులెత్తండి."

అత్తగారు రెండు చేతులూ ఎత్తారు. కోటు అంచు మోకాళ్ల దగ్గర ఉన్నచోటే ఉంది. మేనేజరు మరోసారి ఎత్తమంది. ఆవిడ ఈసారి పక్కకి వంగి, ఎవరినో మంచం మీంచి లేపుతున్నట్టు నటించి మరీ చూపించారు. భర్త చేతిలో లైటు నవ్వుకి ఊగింది.

జవాబు చీకటిపడకముందే వచ్చింది. ఆమె ఫోనుకే వచ్చింది. మెట్ల మీద కూర్చునే చదువుకుని, లోపలికొచ్చి చెప్పింది. "ముందు ఒక నమూనా కోటు చేసి పంపమన్నారు. అది నచ్చితే వచ్చే నెల నుంచి ఉద్యోగం. చాలావరకు ఇంటినుంచే పని."

"నచ్చుతుంది" అన్నాడు భర్త. షిఫ్టుకి టైమవుతున్నా కదల్లేదు. "నచ్చకపోతే వాళ్లకి లిఫ్టు ఆపేస్తాను."

మామగారు దగ్గరికొచ్చారు. "తప్పు చేశానమ్మా. నీ బాగు నాకు తెలుసనుకున్నాను. అడగాలని తోచలేదు."

అంత పెద్దమనిషి అలా నిలబడితే ఆమెకి కళ్లు నిండాయి. "ఇకనుంచి అడగండి మామయ్యా. నేనూ దాచను" అంది.

"ఏమే అమ్మాయ్" అత్తగారు పిలిచారు. ఇంకా ఆ కోటు విప్పలేదు. "నాకూ అలాంటిదొకటి పెట్టు, నా ఫోన్లో."

"మెయిలా? నీకెవరు రాస్తారు?" మామగారు అడిగారు. వెటకారం కాదు, నిజంగానే తెలీక అడిగారు.

"ఏమో. వస్తే నేనే చూసుకుంటాను."

కోడలు పక్కన కూర్చుని పెట్టిచ్చింది. పాస్‌వర్డు ఆవిడే ఎంచుకుని, ఎవరికీ కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ కొట్టుకున్నారు. మామగారు కోడల్ని ఆ అడ్రసేమిటని అడిగి, ట్యాబ్ తీసుకుని మూలనున్న కుర్చీలోకి వెళ్లారు. ఒంటివేలితో కొడుతూ, చెరుపుతూ, మళ్లీ కొడుతూ చాలాసేపు కూర్చున్నారు.

అత్తగారి ఫోను మోగింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకున్నారు. పెదాలు కదలకుండా చదివారు. మళ్లీ మొదట్నుంచి చదివారు. చేతివెనకతో కళ్లు తుడుచుకున్నారు. మామగారు ట్యాబ్‌లోంచి తలెత్తలేదు.

"నాన్న ఏం రాశారమ్మా?" కొడుకు వంగి చూడబోయాడు.

"నాకు రాశారు" అన్నారావిడ, ఫోను ఒళ్లో బోర్లించుకుంటూ.