గవ్వ కోసం చేసిన గుంజ

“గీరింది!” అని డాక్టర్ నజ్మా పెట్టిన కేకకు లోపలి గదిలో మగ్గం ఆగిపోయింది. భ్రమరాంబ మగ్గం గుంటలోంచి లేచి పరుగున వచ్చింది. వసారాలో నిలబెట్టిన యంత్రాన్ని ముందుకాళ్ళతో వాటేసుకుని, బూడిదరంగు పిల్లి గవ్వ ఒళ్ళు మరచి గీరుతోంది.

అది 2068 నాటి మంగళగిరి. బట్టలన్నీ ప్రింటర్లలోంచి ఊడిపడే ఆ రోజుల్లోనూ భ్రమరాంబ చేత్తోనే నేసేది. పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పెట్టాలి. గంజి ఉన్నచోటికి ఎలుకలొస్తాయి. ఎలుకల కోసం పిల్లిని పెంచింది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ పిల్లికి గోళ్ళు గీరుకోవడానికి మగ్గం గుంజే దొరకాలా? పంజా జారి పడుగు మీద పడ్డప్పుడల్లా పోగులు పుటుక్కున తెగేవి. మూడోసారి తెగినప్పుడు ఆమె భర్త మార్కండేయులు తేల్చి చెప్పేశాడు.

“ఇంకొక్క పోగు తెగిందా, నీ గవ్వను కొండ అవతల వదిలేసొస్తా.”

మార్కండేయులు అన్నంత పనీ చేసే మనిషి. కళ్ళు తెరవని కూనగా ఉన్నప్పుడు దూదితో పాలు పట్టి బతికించుకున్న పిల్లి అది. భ్రమరాంబకు రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడో రోజు బస్సెక్కి గుంటూరు వెళ్ళి, పిల్లుల మీద పరిశోధన చేసే నజ్మాను వెంటబెట్టుకొచ్చింది.

“తిడితే మానదమ్మా,” అంది నజ్మా. “పాత గోటి పొర ఊడాలంటే గీరాలి. నిద్ర లేచాక ఒళ్ళు సాగాలన్నా గీరాలి. పైగా దాని పాదాల్లో వాసన గ్రంథులుంటాయి. గీరిన చోటల్లా ‘ఇది నాది’ అని వాసనతో చెప్పుకుంటుంది. మనం మానిపించలేం, చోటు మార్చగలం.”

ఆమె తెచ్చిన యంత్రం పేరు మార్జాల్-9. మనిషెత్తు స్తంభం. పిల్లి ఎంత ఎత్తున, ఎంత వాలుగా గీరుతుందో కెమెరాతో కొలుస్తుంది. కొబ్బరితాడా, గోనెపట్టా, చెట్టు బెరడా, ఏది ఇష్టమో కనిపెట్టి అదే తొడుక్కుంటుంది. పిల్లి పాదాల వాసనను తనే తయారుచేసి ఒంటికి పూసుకుంటుంది. అటు మగ్గానికి పట్టిన పాత వాసనంతా నజ్మా ఓ స్ప్రేతో తుడిచేసింది. ఇంత ఘనమైన యంత్రాన్ని ఇంట్లోవాళ్ళు మాత్రం ‘గుంజ’ అనేవారు.

ఇరవై రోజులు ఒక్క పోగు తెగలేదు. గవ్వ వసారా వదిలి లోపలికే రాలేదు. నజ్మా విజయం అని రిపోర్టు రాసేసింది.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే భ్రమరాంబ చూసేసరికి పడుగు మధ్యలో జానెడు మేర పోగులు కొరికేసి ఉన్నాయి. అది గోటి పని కాదు, ఎలుకల పని.

“ఎలకల్ని ఆపలేని పిల్లి ఎందుకే మనకి? సంచీ ఇట్టా తే,” అన్నాడు మార్కండేయులు.

“మీరు కాసేపాగండి!” భ్రమరాంబ ఎన్నడూ అంత గట్టిగా మాట్లాడలేదు. నజ్మాకు ఫోన్ కలిపింది. “డాక్టరమ్మా, అది గీరిన చోటల్లా ‘నాది’ అని చెప్పుకుంటదన్నారే. ఆ మాట ఎలకలకి గూడా తెలుస్తదా?”

“తెలుస్తుందమ్మా,” అంది నజ్మా. “పిల్లి వాసనకు ఎలుకలు దగ్గరికి రావు. ఆ వాసన నేనే తుడిచేశాను.”

“చూశారా! ఇన్నాళ్ళూ పాడుచేస్తందని తిట్టాం. కాపలా కాస్తందమ్మా నా పిచ్చితల్లి!” అంది భ్రమరాంబ.

యంత్రాన్ని మగ్గం దగ్గరికి జరుపుదామంటే గుంట చెమ్మకు సెన్సర్లు పాడవుతాయంది నజ్మా. “యంత్రం అక్కర్లేదు, అది నేర్చుకున్న లెక్కలు చెప్పండి చాలు,” అంది భ్రమరాంబ. ఓ సరుగుడు కర్రకు కొబ్బరితాడు బిగించి చుట్టింది. నజ్మా చెప్పిన ఎత్తున, చెప్పిన వాలుతో మగ్గం పక్కనే, పడుగుకు పంజా అందనంత ఎడంగా పాతింది. గవ్వ పరుపు గుడ్డ తెచ్చి దానికి రుద్దింది. గవ్వ వచ్చి వాసన చూసి, వీపు సాగదీసి, బరబరా గీరింది. ఎలుక మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టలేదు. చీర పూర్తయిన రోజు భ్రమరాంబ గవ్వను భుజాన వేసుకుని వీధంతా తిరిగొచ్చింది. అందరికీ చూపించింది చీరను కాదు, పిల్లిని.

నెల తిరక్కుండానే నజ్మా కంగారుగా వచ్చి వాలింది. వసారాలో ఉండిపోయిన మార్జాల్-9 రోజూ విచిత్రమైన లెక్కలు పంపుతోందట. పిల్లి ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. రోజుకు నాలుగుసార్లు. గోనెపట్టా అంటే మహా ఇష్టం.

వసారాలో మార్కండేయులు గోనెపట్టా తొడుక్కున్న యంత్రానికి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, ఎడాపెడా రుద్దుకుంటున్నాడు. యంత్రం ఆయన వీపుకు తగ్గట్టు కాస్త ముందుకు వంగి మరీ నిలబడింది. ఆయన చెమట వాసనే తయారుచేసి ఒంటికి పూసుకుంది కూడా.

“ప్రయోగం అయిపోయింది, దీన్ని తీసుకెళ్ళిపోతాను,” అంది నజ్మా నవ్వు ఆపుకుంటూ.

భ్రమరాంబ గబగబా అడ్డొచ్చింది. “అంత పని చెయ్యమాకండి డాక్టరమ్మా! తిడితే మానే రకం కాదు. మీరిది పట్టుకుపోతే ఈయన తిన్నగా వచ్చి నా మగ్గం గుంజ మీద పడతారు.”