కళ్లెత్తని పిల్ల

ఆ ఉదయం మంగళగిరిలో శివనాగరాజు ఇంట్లో మగ్గం ఆడలేదు. పదిన్నరకి చీరాల వాళ్లు తాంబూలాలకి వస్తున్నారు. ముందుగదిలో జంబుఖానా పరిచి, పళ్లేల్లో అరటిపళ్లు సర్దుతూ ఆయన తెగ హడావిడి పడుతున్నాడు. పెరట్లో కూతురు ధనశ్రీ మళ్లీ వాంతి చేసుకుంటోంది. నెలరోజులుగా పొద్దున లేస్తే తలనొప్పి, వాంతి, ఇదే వరస.

"ఏవయ్యా, మెదడు స్కాన్ వెంటనే తీయించమని కంటి డాక్టరు మూడురోజుల కిందటే చెప్పాడు. ఇప్పుడైనా కదులు," అంది భార్య వెంకటేశ్వరమ్మ.

"తాంబూలాలు అవనీ. స్కాన్ దగ్గర మనవాళ్లెవరైనా చూశారంటే, పిల్లకేదో జబ్బని మధ్యాహ్నానికల్లా చీరాల చేరిపోయిద్ది."

"జబ్బు లేదని నీకెవరు చెప్పారు?"

"పెళ్లిచూపుల్లో పిల్లాడి తల్లి ఏమందో మర్చిపోయావా? అంతసేపు కూర్చున్నా పిల్ల కళ్లెత్తలేదు, ఎంత అణకువ అని మురిసిపోయింది. అలాంటి సంబంధం మళ్లీ వచ్చిద్దా?"

ఆ మాట ఆయన వీధంతా చెప్పుకు తిరిగాడు. తిరగడా మరి! ఆడపిల్ల కళ్లు దించుకుంటే చాలు, పెంపకం గొప్పదని మనకి ఎంత నమ్మకమో.

వెంకటేశ్వరమ్మ కూతుర్ని తెచ్చి భర్త ముందు నిలబెట్టింది. కంటి డాక్టరు చేసినట్టే, తల కదలకుండా గడ్డం పట్టుకుంది. "అమ్మా, కళ్లతోనే పైన ఫ్యాను చూడు."

ధనశ్రీ కళ్లు వణికాయి. పైకి మాత్రం పోలేదు.

"ఆ రోజూ ఎత్తలేకపోయిందయ్యా! పిల్ల కావాలో, ఆ అణకువ కావాలో తేల్చుకో."

శివనాగరాజు పళ్లేలు అక్కడే వదిలేసి ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాడు.

స్కాన్ అయ్యాక డాక్టరు రాగసుధ తెరమీద ఒక ముద్ద చూపించింది. "మెదడు నడిమధ్యలో, పీనియల్ గ్రంథి దగ్గర గడ్డండీ. చాలా అరుదు. పైకి చూడనిచ్చే భాగాన్ని నొక్కుతోంది. మెదడులో నీరు పోయే దారినీ మూసేస్తోంది. ఏ రకమో ఈ బొమ్మతోనే తేలదు, రక్తపరీక్ష, గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. ముందు ఇవాళే పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆ నీటికి దారి చెయ్యాలి, ఆంబులెన్సు పిలిపిస్తున్నా. ఇంకా ఆగుంటే ప్రాణం మీదికొచ్చేది."

అప్పుడే ఫోను మోగింది. పిల్లాడి తల్లి. చీరాల వాళ్లు ఊళ్లోకి వచ్చేశారట.

"తాంబూలాలు వద్దమ్మా. మా పిల్లది అణకువ కాదు, జబ్బు. నాకూ ఇప్పుడే తెలిసింది," అని, అవతలి మాట వినకుండానే పెట్టేశాడు.

వరండాలో ధనశ్రీ చక్రాల కుర్చీలో ఉంది. తలనొప్పికి మెడ కూడా కదపలేకపోతోంది. ఆయన వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"నాన్నా, కిందికి కూర్చోవా? నిలబడితే నీ మొహం కనపడట్లేదు."

శివనాగరాజు నేలమీద చతికిలబడి, కూతురి మోకాళ్లు పట్టుకుని భోరుమన్నాడు. ఆంబులెన్సు వచ్చేదాకా అక్కణ్ణించి లేవలేదు.