జవాబు చెప్పని తొమ్మిదిమంది

ఆదివారం పూట కూడా సరితకు తీరిక లేదు. తెల్లవారితే హైదరాబాదులో పీహెచ్‌డీ ఇంటర్వ్యూ. పొయ్యి మీద ఉప్మా, గట్టు మీద ట్యాబ్, నోట్లో రేపు చెప్పాల్సిన మాటలు. నాలుగోసారి మొదటినుంచి అందుకునేసరికి ఉప్మా అడుగంటింది. అంటితే అంటనీ అనుకుంది. పదిహేనేళ్లుగా మిర్యాలగూడలోని ఈ ఇంట్లో అడుగంటకుండా వండినందుకు ఎవరూ పట్టా ఇవ్వలేదు.

సరిత త్రిపురారం దగ్గర ఓ ప్రభుత్వ బడిలో టీచరు. గొర్రెలు కాచే కుటుంబాల పిల్లలు మందల వెంట నెలల తరబడి ఊళ్లు తిరుగుతారు, బడికి రారు. వాళ్ల కోసం తన గొంతుతో లెక్కల పాఠాలు చెప్పి ట్యాబ్‌లో ఎక్కించింది. పిల్లలు నోటితో జవాబు చెబితే చాలు, ట్యాబే మార్కులు వేస్తుంది. ఆ పనినే పరిశోధనగా చేస్తానంటే విశ్వవిద్యాలయం వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. ఉన్నది ఒకటే సీటు. సరితకు ముప్పై తొమ్మిది నిండాయి. ఈసారి తప్పితే మళ్లీ ఎవరూ పిలవరని ఆమెకు తెలుసు.

"నాలుగేండ్లు హాస్టల్ల ఉంటవా?" అన్నాడు భర్త మురళీధర్, పేపర్ చాటునుంచి. ఆయన కోదాడలో ఓ కాలేజీలో లెక్కల లెక్చరర్. "సాయిశ్రీ టెన్త్‌ల ఉన్నది. ఇల్లెవరు సూస్తరు?"

"మీరు సూస్తరు. బిడ్డ మీకు గూడ బిడ్డనే గదా."

"నన్ను మధ్యల పెట్టకు డాడీ," అంది లోపలి గదిలోంచి సాయిశ్రీ. "నా చదువు నేనే చదువుకుంట."

మురళీధర్ పేపర్ పేజీ గట్టిగా తిప్పాడు. ఈ నెల రోజులుగా ఆయన కోపమంతా ఆ పేపర్ మీదే తీరుతోంది.

గడప దగ్గర కూర్చుని అత్తగారు రేణుకమ్మ గోంగూర ఏరుతోంది. సరిత పాఠాన్ని ఇంకోసారి పెట్టింది.

"మీ మందలో గొర్రెలు ఎన్ని ఉన్నాయి? గట్టిగా చెప్పు," అంది ట్యాబ్. కాసేపు ఆగి, "జవాబు రాలేదు. నీ మార్కులు సున్నా," అని హుషారుగా తేల్చేసింది.

రేణుకమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏందే సరితా, అది గట్ల అడుగుతది?"

"పాఠం అత్తమ్మా. పుస్తకంల మామిడిపండ్లని ఉంటే నేనే గొర్రెలని మార్చిన. మందలోళ్ల పిల్లలు గదా, జల్ది సమజైతదని. ఏ అంకె చెప్పినా మార్కు పడ్తది. అయినా పద్నాలుగు మందిల తొమ్మిదిమంది నోరే తెరవలె. లెక్క రాదు పాపం."

రేణుకమ్మ ముందు నవ్వింది. తర్వాత నవ్వలేదు.

"లెక్క రాక కాదు బిడ్డా. మంద లెక్క ఎవరన్న నోటితోటి చెప్తరా? చెప్తే మంద తరుగుతది. మా మామ కాలం కాడికెల్లి మా ఇండ్లల్ల గదే నడుస్తున్నది. పొద్దుగూకి మంద మళ్లినప్పుడు మొఖాలు సూస్తం. ఏది రాలేదో మొఖంతోటే ఎరుకైతది. పిల్లగానికి మాటలొస్తే మొదాలు నేర్పేదే గది, ఎవరడిగినా మంద లెక్క చెప్పొద్దని."

సరిత స్టవ్ ఆపేసింది. ఆమె కూడా ఆ గొర్రెలకాపరుల కులంలోనే పుట్టింది. కానీ సూర్యాపేటలో, బస్సు కండక్టర్ కూతురుగా. పెళ్లయ్యాక కూడా పట్నం కాపురమే. మందను చూసిందల్లా పండక్కి మరిది బీరన్న ఇంటికి వెళ్లినప్పుడు, దూరంనుంచి. ఈ పిల్లలు తమ చుట్టూ ఉన్నవాటిని కూడా లెక్కించలేకపోతున్నారని పరిశోధన పత్రంలో తన చేత్తో రాసింది. ఆ పత్రం ఇప్పటికే హైదరాబాదు చేరింది. రేపు అయిదుగురు పెద్దమనుషులు దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంటారు.

సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఆ పత్రాన్ని పంపే ముందు ఇంకొకరు కూడా చదివారు.

పేపర్ పేజీ చాలాసేపటినుంచి తిరగలేదు.

"మీరు సదివిన్రు," అంది సరిత హాల్లోకి వచ్చి. "తొమ్మిది బై పద్నాలుగుకు నేను శాతం తప్పు వేసిననని ఎర్రపెన్నుతోటి దిద్దిన్రు. మీరు మందల పుట్టి పెరిగిన మనిషి. ఈ తప్పు మీకు కండ్లవడలేదా?"

"పడ్డది."

"మరి?"

"గా సీటు రాకుంటె నువ్వే ఊరుకుంటవనుకున్న."

ఆ మాట ఎంతో మామూలుగా అనేశాడు. తిట్టినా, కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తన నెలల కష్టంలో పాయింటు తర్వాత అంకె కూడా వదలకుండా దిద్దిన మనిషి, అయిదుగురి ముందు తను నవ్వులపాలవుతుందని తెలిసీ నోరు మూసుకున్నాడు.

"వద్దని మొఖం మీద చెప్తే కొట్లాడేదాన్ని," అంది. "మీరు కొట్లాడలె. గుంత ఉన్నదని తెలిసి నన్ను నడువనిచ్చిన్రు. సరే. రేపు నేను పోతున్న. నా పత్రంల ఈ తప్పున్నదని నేనే మొదాలు చెప్త. పిల్లలకు రాక కాదు, అడిగినోళ్లకు తెల్వక అని చెప్త. ఇగ నా పరిశోధన గదే. సీటిస్తరా, వెళ్లగొడ్తరా, వాళ్ల ఇష్టం."

"నీకర్థం కాదు సరితా."

"అర్థమయ్యేటట్టు చెప్పున్రి."

మురళీధర్ తల్లి వైపు చూశాడు, మళ్లీ పేపర్ వైపు చూశాడు. రేణుకమ్మ గోంగూర పక్కకు నెట్టి లేచింది.

"చెప్పు కొడుకా. దానికి చెప్పకుంటె నాకు చెప్పు. కట్టుకున్న ఆడిది నలుగురిల తలకాయ దించుకుంటె నీకేమొస్తది?"

ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, క్లాసులో ఎప్పుడూ పలికే ఆ గట్టి గొంతు కాకుండా, చిన్న గొంతుతో మొదలుపెట్టాడు.

"నాలుగో తరగతిల ఉన్నప్పుడు కొత్తసారొచ్చిండు. ఒక్కొక్కరిని లేపి, మీ ఇంట్ల ఎడ్లెన్ని, బర్లెన్ని అని అడిగి కూడికలు చెప్పిస్తుండు. నన్ను లేపి, మీ గొర్లెన్ని రా అన్నడు. నాకు తెలుసు. చెప్పలె. మళ్ల అడిగిండు. చెప్పలె. కట్టె ఇరిగేదాంక కొట్టి, గొర్రెల్ల తిరిగి గొర్రె అయిండు వీడు అన్నడు. క్లాసంత నవ్విన్రు. ఆ ఏడాదంత నన్ను గట్లనే పిలిచిన్రు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "లెక్కలు అందరికంటె బాగ నేర్సుకున్నది గందుకే. మా కాలేజీల నేను మందలోళ్ల పిల్లగాన్నని ఇప్పటికీ ఎవరికీ తెల్వది. నీ పత్రం సదివితే ఆ తొమ్మిదిమందిల నేనే నిలవడ్డట్టనిపించింది. తప్పని చెప్తే, నీకెట్ల తెలుసని అడుగుతవు. ఇదంత చెప్పాలె."

రేణుకమ్మ కొడుకు ముందు నేల మీద కూలబడింది. "నా మాట నిలవెట్టనీకి దెబ్బలు తిన్నవా బిడ్డా? గా దినం గొర్లు బెదిరి కింద పడ్డనన్నవు గదరా. వీపుకు పసుపు నేనే రాసిన," అంటూ ఆయన మోకాళ్లు పట్టుకుని వలవల ఏడ్చింది. యాభైకి దగ్గరపడ్డ మురళీధర్ కూడా ఏడ్చాడు. గది గుమ్మంలో సాయిశ్రీ పెన్ను పట్టుకుని నిలబడిపోయింది.

సరితకు కూడా కళ్లు నిండాయి. ఆ పిల్లవాడి మీద జాలితో గుండె కరిగింది కానీ, ఈ మనిషి మీద కోపం కరగలేదు. రెండూ నిజమే. ఒకదానికోసం ఇంకోదాన్ని వదులుకోదలచుకోలేదు.

"మీకు జరిగింది అన్యాయం," అంది కొంగుతో కళ్లు తుడుచుకుని. "మీరు నాకు చేసింది గూడ అన్యాయమే. ఈ సంగతి రేపు ఆడ చెప్పాలని ఉన్నది. మీ పేరు చెప్పాల్నా వద్దా అన్నది మీ ఇష్టం. పోవుడు మాత్రం మీ ఇష్టం కాదు."

తెల్లవారి మొదటి బస్సుకు ఆమె సంచీ మురళీధరే మోసుకొచ్చాడు. కోదాడ బస్సు ఎదురుగానే ఆగి ఉంది. దాన్ని వెళ్లనిచ్చి, హైదరాబాదు బస్సులో ఆమె పక్కన కూర్చున్నాడు. నార్కట్‌పల్లి దాటాక నోరు విప్పాడు.

"పేరు పెట్టే చెప్పు."

ఇంటర్వ్యూ గదిలో సరిత కూర్చోగానే, ఎవరూ ఏమీ అడగకముందే, పత్రంలో పదకొండో పేజీ తీయమంది. "ఇక్కడ నేను రాసింది తప్పు," అని మొదలుపెట్టింది. అత్తగారి మాట చెప్పింది. నాలుగో తరగతి పిల్లవాడి సంగతి చెప్పింది. మనం తయారుచేసే యంత్రం కూడా ఆ సారులాగే కట్టె పట్టుకుంటే ఎట్లా అని అడిగింది. అయిదుగురూ రాసుకోవడం ఆపి విన్నారు.

"ఆ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడమ్మా?" అని అడిగింది మధ్యలో కూర్చున్న పెద్దావిడ.

"కోదాడలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తున్నాడు మేడం. పేరు మురళీధర్. నా భర్త. నన్ను ఇక్కడికి రావద్దన్నది కూడా ఆయనే. ఇప్పుడు మీ గది బయట బల్ల మీద కూర్చున్నాడు."

పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. పక్కవాళ్లతో నెమ్మదిగా ఏదో మాట్లాడి, పత్రం మూసింది.

"సీటుకు మీ పేరే పంపిస్తున్నాం. పదిహేనో తారీఖున చేరాలి. పూర్తిగా ఇక్కడే ఉండాలి. కుటుంబం ఉన్నవారు కదా, ఇంట్లో అడిగి రేపు చెప్తారా?"

"అడుగుడు అయిపోయింది మేడం," అంది సరిత. "చేరతాను."