ఫ్యాన్‌లో తాలు

స్క్రూడ్రైవర్ జారి బల్ల మీద పడింది.

భవ్య దాన్ని తీయడం లేదు. ఆమె కళ్లు ఎదురుగా ఉన్న గేమింగ్ డబ్బాకే అతుక్కుపోయాయి. రెండు చేతులతో పట్టుకుని ఆడుకునే చిన్న కంప్యూటర్. నల్లది. ఎడమ జాయ్‌స్టిక్‌కి మాత్రం పసుపుపచ్చ టోపీ.

ఆ టోపీ తొడిగింది భవ్యే. ఆర్నెల్ల క్రితం. ఇదే బల్ల మీద.

ఇది అక్కది!

మూడు రోజులుగా కనిపించని మనోజ్ఞది...

"ఏమైందమ్మా?" స్టూల్ మీద కూర్చున్న మనిషి అడుగుతున్నాడు. యాభై ఏళ్లుంటాయి. వాచ్‌మన్ వేసుకునే ఖాకీ చొక్కా.

"ఏం లేదండీ, చెయ్యి జారింది. దీనికి కంప్లైంటేంటి?"

"పది నిమిషాలు ఆడేసరికి కాలిపోతోంది. ఆగిపోతోంది."

"మీదేనా?"

అతను ఒకసారి వీధి వైపు చూశాడు. "మాదే."

అబద్ధం.

"పేరు చెప్పండి. రాసుకోవాలి."

"అంకమ్మరావు." గొంతు తగ్గించాడు. "తొందరగా కానివ్వమ్మా. బయట వ్యాన్‌లో మావాడున్నాడు. ఇటే చూస్తున్నాడు."

భవ్య తలెత్తి చూసింది. తెరిచిన తలుపుకు ఎదురుగా తెల్ల వ్యాన్. స్టీరింగ్ ముందు చారల చొక్కా వాడు. నిజంగానే ఇటే చూస్తున్నాడు.

బెదిరిస్తున్నాడన్నమాట.

మధ్యాహ్నం రెండు. ఎండకు అరండల్‌పేట రోడ్డు ఖాళీ. అరిచినా పలికేవాళ్లు లేరు.

రెండేళ్ల క్రితం ఇలాంటివి నెలకొకటి వస్తే గొప్ప. ఇప్పుడు రోజుకు అయిదారు. మెడికల్ కాలేజీ హాస్టల్ నుంచి, ఇంట్లో కూర్చుని పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ల నుంచి, మిర్చి యార్డు ముందు లోడు దిగేదాకా క్యాబిన్‌లోనే పడుండే లారీ డ్రైవర్ల నుంచి. కొనేవాళ్లు వందలమంది. ఊళ్లో విప్పి బాగుచేసేది భవ్య ఒక్కతే. అందుకే దొంగసొత్తు కూడా తిన్నగా ఆమె బల్ల మీదకే వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది...

స్విచ్ వేయగానే ఈ డబ్బా మీద ఒక ఫోటో వస్తుంది. కల్లంలో మిరపకాయల మధ్య అక్క. పక్కన భవ్య!

ఇతను మూడు రోజులుగా ఆ ఫోటో చూస్తూనే ఉండాలి.

దుమ్ము పడకుండా కట్టుకున్న మాస్క్‌ని కళ్ల కింద దాకా లాక్కుంది. స్క్రూలు తిప్పుతోంది. ఒకటి... రెండు... అయిదు. ఆరోది లేదు. మిగిలినవాటి తలలు అరిగి ఉన్నాయి. ఎవరో ముందే విప్పారు, చాకుతోనో దేనితోనో.

వెనక మూత లేచింది.

మాస్క్ ఉన్నా తుమ్ము ఆగలేదు. ఘాటు!

ఫ్యాన్ నిండా ఎర్రటి కారం దుమ్ము.

దూదిని స్పిరిట్‌లో ముంచి అద్దింది. రంగు దూదికి వచ్చేసింది. మిగిలిన పొడి గడ్డిరంగులో ఉంది. వేలికంటిన ఎరుపు ఎంత తుడిచినా పోవడం లేదు.

తాలు!

పండీ పండకుండానే తెల్లబారి, దేనికీ పనికిరాని మిరపకాయ. చిన్నప్పుడు సత్తెనపల్లి పక్క కల్లంలో, అమ్మ రాఘవమ్మ వెనక కూర్చుని, అక్కాచెల్లెళ్లిద్దరూ బుట్టలకు బుట్టలు ఏరి పారేశారు. నిద్రలో లేపి అడిగినా పోల్చగలదు.

అక్క పనిచేసేది ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబ్‌లో. పోయిన ఆదివారం అన్నం తింటూ చెప్పింది.

"తాలు ఆడించి, రంగు కలిపి, కారమని అమ్ముతున్నారే. మిల్లు దొరికింది. రిపోర్టులన్నీ నా గేమ్ డబ్బాలో పెట్టా. లాప్‌టాప్ అయితే ముందు దానికోసమే వెతుకుతారు. దీన్ని చూసి బొమ్మనుకుంటారు."

ఏ మిల్లో చెప్పలేదు. భవ్య అడగలేదు. ఈ మూడు రోజులూ ఆ అడగనితనమే ఆమెను తినేస్తోంది.

ఇంకో సంగతి... ఫ్యాన్ పీల్చుకున్న దుమ్ము రెక్కల అంచుల్లో పేరుకుంటుంది. ఇది రెక్కల మొదట్లో కూరి ఉంది. వేలితో.

ఎవరు కూరారు? ఎందుకు?

ఆలోచించే టైమ్ లేదు. గుమ్మంలో ఎవరో అడుగుపెట్టారు.

"మా డబ్బా అయిందా భవ్య గారూ?"

తాలూకా స్టేషన్ ఎస్సై శశిభూషణ్! సెలవేమో, జీన్స్ ప్యాంటు, టీషర్టు. ఆయనదీ ఇదే మోడల్. రిపేరుకిచ్చి వారమైంది. అక్క కనిపించడం లేదని కంప్లైంట్ రాసుకున్నదీ ఆయనే.

"అన్నట్టు, మీ అక్క గురించి..."

"మీ గేమ్ ఎక్కడికీ పోలేదు సార్!" గట్టిగా అడ్డుపడింది. "రెండు నిమిషాలు. మూత బిగించి ఇచ్చేస్తా."

ఎస్సై వింతగా చూశాడు.

చెప్పేయాలి. ఒక్క మాట చాలు... కానీ చారల చొక్కా వ్యాన్ దిగి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫోన్. ఇక్కడ గొడవైతే ఆ ఫోన్‌లోంచి అక్కను పట్టుకెళ్లినవాళ్లకు కబురెళ్తుంది. ఆ తర్వాత అక్క ఉండదు.

నోరు విప్పకూడదు. చేతులు మాత్రం ఆడాలి.

బల్ల మీద రెండు డబ్బాలు. రెండూ విప్పి ఉన్నాయి. రెండింట్లోనూ వేలెడంత ముక్క, ఎస్‌ఎస్‌డీ. ఫైళ్లు, ఫోటోలు, ఆటలు, సమస్తం అందులోనే.

అక్క డబ్బాలోంచి ముక్క లాగింది. ఎస్సై డబ్బాలో పెట్టింది. ఎస్సైది తీసి అక్క డబ్బాలో పెట్టింది.

తలెత్తితే అంకమ్మరావు కళ్లు ఆమె వేళ్ల మీదే ఉన్నాయి.

చూశాడు... చూస్తే మాత్రం వాచ్‌మన్‌కేం అర్థమవుతుందిలే.

"సార్, మీ దాంట్లో ఛార్జింగ్ జీరో. ఎక్కించగానే ఒకసారి ఆన్ చేసి చూసుకోండి. తేడా ఉంటే వెంటనే ఫోన్ చేయండి. మర్చిపోవద్దు."

"అలాగే." ఎస్సై బండెక్కి వెళ్లిపోయాడు.

భవ్య రెండో డబ్బా మూత బిగించి అంకమ్మరావు చేతికిచ్చింది. అతను వెంటనే స్విచ్ వేశాడు.

ఫోటో సంగతే మర్చిపోయింది!

స్క్రీన్ మీద రేసు కారు. అక్కాచెల్లెళ్ల ఫోటో లేదు.

అతను స్క్రీన్ చూశాడు. భవ్యను చూశాడు. మళ్లీ స్క్రీన్.

"బాగుంది," అన్నాడు. ఆపేసి, భుజాన ఉన్న సంచిలో పెట్టుకున్నాడు.

అంతే!

వ్యాన్ కదిలింది. భవ్య షట్టర్ కూడా దించలేదు. స్కూటీ తీసింది.

పేరేచర్ల వైపు... వ్యాన్ డెబ్భైలో పోతోంది. స్కూటీ అరవై దాటితే వణుకుతోంది. ముఖం మీద వడగాలి. వెనక లారీ హారన్లు.

ఎస్సైకి ఫోన్. మోగుతోంది. ఎత్తడం లేదు.

పేరేచర్ల గేటు దగ్గర వ్యాన్ స్లో అయినప్పుడు ఒంటి చేత్తో మెసేజ్ కొట్టింది. "మీ డబ్బాలో ఉన్నది మా అక్క ఎస్‌ఎస్‌డీ. తెచ్చినవాళ్ల వెనక వెళ్తున్నా." కింద లైవ్ లొకేషన్, ఆమె ఎక్కడికెళ్తే అక్కడ చూపించేది. టిక్కులు నీలం కాలేదు.

ఇంకెవరు?

రామమూర్తి అంకుల్! అక్క ల్యాబ్‌కు పెద్ద. ఈ మూడు రోజులూ రోజూ ఇంటికొచ్చాడు. ఏమీ ముట్టని అమ్మను కూర్చోబెట్టి, బతిమాలి మజ్జిగ తాగించాడు.

మొదటి రింగ్‌కే ఎత్తాడు.

"అంకుల్, అక్క గేమ్ డబ్బా దొరికింది."

"ఆ బొమ్మా?"

"బొమ్మ కాదంకుల్, కంప్యూటర్. తాలు మిల్లు రిపోర్టులన్నీ అందులోనే పెట్టింది."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు.

"అంకుల్?"

"ఎవరు తెచ్చారు తల్లీ?"

"అంకమ్మరావని, వాచ్‌మన్. వ్యాన్ వెనకే వెళ్తున్నా."

"సరే. పోలీసులకు చెప్పొద్దు. అక్క ప్రాణం మీదకొస్తుంది. నేను బయల్దేరుతున్నా."

ఫోన్ కట్ అయింది. భవ్యకు కాస్త ధైర్యం వచ్చింది. ఏ రోడ్డులో వెళ్తున్నావని ఆయన అడగలేదన్న సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు.

మేడికొండూరు దాటింది. వ్యాన్ ఎడమకు తిరిగి మట్టి దారి పట్టింది. అటూ ఇటూ ఎండిన పత్తి కట్టె. చివర రేకుల షెడ్డు. బోర్డు లేదు.

స్కూటీని పత్తి కట్టెలో పడేసి ఒంగి పరిగెత్తింది. షెడ్డు వెనక్కి చేరింది. గోడ వారగా బస్తాల గుట్ట. చిరుగుల్లోంచి గడ్డిరంగు కాయలు... తాలు!

వెనకనుంచి ఒక చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది.

"అరవొద్దు." అంకమ్మరావు!

భవ్య కాలెత్తి తన్నింది. అతను వదల్లేదు. రెండో చేతిలో తాళంచెవులు గలగలమంటున్నాయి. పక్కనున్న రేకు తలుపు తాళం తీసి, ఆమెను లోపలికి నెట్టి, తనూ వచ్చాడు.

చీకటి గది. మూలన బస్తాల మీద ఒక మనిషి.

"అక్కా!"

మనోజ్ఞ! కళ్లు వాచిపోయాయి. పెదాలు పగిలాయి. కానీ ఊపిరి ఉంది. భవ్య ఆమెను గట్టిగా వాటేసుకుంది.

"దుమ్ము చూశావా?" అక్క గొంతు బొంగురుగా ఉంది. "నేనే కూరాను. ఆ చారల చొక్కా వాడికి దాని పిచ్చి పట్టింది, ఆట లేకపోతే ఉండలేడు. పాడైతే ఎక్కడ బాగుచేస్తారని వాడే వాకబు చేస్తాడు. ఎవర్నడిగినా నీ పేరే చెప్తారు."

"మరి ఇతను..."

"ఇతనే నాకు చాకిచ్చాడు. డబ్బా తెచ్చి చేతికిచ్చాడు."

"నాకూ ఇద్దరు ఆడపిల్లలమ్మా," అన్నాడు అంకమ్మరావు. "ఫోన్లు లాగేసుకున్నారు. కొట్టులో చెబుదామంటే వాడు చూస్తూనే ఉన్నాడు. నువ్వు ముక్క మార్చడం చూసి, ఇక పోలీసులొస్తారనుకున్నా. నువ్వొక్కదానివే వచ్చావేంటి? ఇంకెవరికైనా చెప్పావా?"

"ఎస్సైకి మెసేజ్ పెట్టా. ఆయన చూడలేదు. రామమూర్తి అంకుల్‌కి..."

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"ఎందుకు చెప్పావే?" అక్క కళ్లలో నీళ్లు. "ఈ మిల్లు ఆయనదే."

బయట కారు ఆగింది.

తలుపు దడాలున తెరుచుకుంది. తెల్ల లాల్చీలో రామమూర్తి. వెనక చారల చొక్కా. వాడి చేతిలో హమాలీలు బస్తాలెత్తే ఇనప కొక్కెం.

"భవ్యమ్మా." అదే మెత్తటి గొంతు. అమ్మకు మజ్జిగ గ్లాసు అందించిన అదే చెయ్యి ముందుకు చాచాడు. "ఆ డబ్బా ఎక్కడ?"

గోళ్ల సందుల్లో ఎరుపు. భవ్య వేలి మీద ఉన్న ఎరుపే. తాలు శాంపిలేదీ తన ల్యాబ్‌కు రాలేదని నిన్న చెప్పిందీ ఈయనే!

అంకమ్మరావు సంచిలోంచి డబ్బా తీసి నేల మీద పెట్టాడు.

"మూడు రోజులు నా కళ్ల ముందే ఆడుకున్నార్రా వెధవల్లారా!" రామమూర్తి చారల చొక్కా చేతిలోంచి కొక్కెం లాక్కున్నాడు.

ఒక్క దెబ్బ. స్క్రీన్ పగిలింది. రెండోది. మూత ఎగిరింది. మూడోది. లోపలున్న ముక్క రెండయింది.

పసుపు టోపీ దొర్లుకుంటూ వచ్చి భవ్య కాలి దగ్గర ఆగింది.

"ఇంక రిపోర్టులు లేవు." రొప్పుతున్నాడు. "రాసిన మనిషి ఒక్కతే ఉంది."

కొక్కెం మనోజ్ఞ మీదకు లేచింది.

అంకమ్మరావు అడ్డుపడ్డాడు. ఇనుము అతని భుజంలో దిగింది. అరవలేదు. అలాగే కూలబడ్డాడు. ఖాకీ చొక్కా తడిసిపోతోంది.

కొక్కెం మళ్లీ లేచింది. భవ్య అక్క మీద పడి కప్పేసింది. కళ్లు గట్టిగా మూసుకుంది.

ఢాం!

పైకప్పు రేకు చిల్లుపడి, ఎండ గీతలా లోపలికి దిగింది. కొక్కెం నేల మీద ఖంగుమంది.

గుమ్మంలో శశిభూషణ్. వెనక నలుగురు కానిస్టేబుళ్లు. కుడిచేతిలో పిస్టల్. ఎడమచేతిలో ఆయన డబ్బా వెలుగుతోంది. స్క్రీన్ మీద, కల్లంలో మిరపకాయల మధ్య నవ్వుతూ అక్కాచెల్లెళ్లు.

"స్టేషన్‌కెళ్లి, జీపులో ఛార్జింగ్ పెట్టి ఆన్ చేశా. ముందు ఈ ఫోటో వచ్చింది. తర్వాత మీ మెసేజ్ చూశా." ఆయన రామమూర్తి వైపు తిరిగాడు. "మీ మిల్లు రిపోర్టులు నలభై ఏడున్నాయండీ. దారంతా చదువుకుంటూ వచ్చా."

రామమూర్తి కింద ముక్కల వైపు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మరి నేను పగలగొట్టింది..."

"నాది." ఎస్సై ఒంగి, విరిగిన ఎస్‌ఎస్‌డీ ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "రెండేళ్ల ఆట. నూట నలభై గంటలు. సాక్ష్యాన్ని నాశనం చేశారని అది కూడా కేసులో రాస్తా. చేతులిటివ్వండి."

కానిస్టేబుళ్లు అంకమ్మరావును జాగ్రత్తగా లేపి జీపు దగ్గరకు తీసుకెళ్తున్నారు. అతను వెనక్కి తిరిగి భవ్యకు తలూపాడు. ఎవరిని చూసి భయపడిందో, ఎవరిని నమ్మిందో తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది.

అక్క చెయ్యి పట్టుకుంది. చూపుడువేలు కణుపుదాకా ఎర్రగా ఉంది. ఫ్యాన్‌లో తాలు కూరిన వేలు. ఎన్నాళ్లకు పోతుందో ఆ రంగు.

రెండో చేత్తో ఇంటికి ఫోన్ చేసింది. రాఘవమ్మ ఎత్తింది. భయంతో ఊపిరి తీసుకోవడం మాత్రం వినిపిస్తోంది.

"అమ్మా," అంది భవ్య. "లేచి అన్నం పెట్టుకో. అక్కను తీసుకొస్తున్నా."