ఇత్తడి చెయ్యి

నేను తాగను, కాల్చను. పక్కవాడి సిగరెట్ పొగ తగిలినా రెండు రోజులు దగ్గుతాను. అయినా మా ముందు గదిలో, వేరే ఇళ్ళల్లో దేవుడి పటాలుండే గోడకి, అల్మరా నిండా యాష్‌ట్రేలూ గ్లాసులూ మందు సామాన్లూ ఉన్నాయి. నోరు తెరుచుకున్న కప్ప, దాని నాలుక మీద సిగరెట్ ఆనించాలి. డిప్ప ఎత్తితే బూడిద గిన్నె కనిపించే తాబేలు. ఆడమనిషి కాలి ఆకారంలో సీసా మూతలు తీసే పనిముట్టు. పెంగ్విన్‌లా నిలబడ్డ వెండిరంగు డబ్బా ఒకటి, అందులో మందు పోసి కుదిపి కలుపుతారట. మా ఆవిడ కోటేశ్వరి వాటిని ఒక్కరోజు కూడా తుడవలేదు. "తాగుబోతు కొంప కూడా ఇంతకన్నా మర్యాదగా ఉంటుంది" అనేది, వచ్చినవాళ్ళు వింటుండగానే.

దర్శిలో డ్రాయింగ్ మేస్టర్ని నేను. ఆకారాలంటే పిచ్చి. ఏ వస్తువు ఇంటికొచ్చినా ముందు దాని బొమ్మ గీస్తాను, స్కేలు పెట్టి కొలిచి, అసలు సైజులో, కింద తేదీ వేసి. ఆ తర్వాతే అది అల్మరాలోకి వెళ్తుంది. ఆ అలవాటు లేకపోతే ఇప్పుడు చెప్పబోయేది నేనే నమ్మేవాణ్ణి కాదు.

సామాన్లలో సగం బుల్లయ్య ఇచ్చినవే. గుంటూరులో ఒక పొగాకు కంపెనీ దొరల క్లబ్బు ఉండేది. అందులో ముప్ఫయ్యేళ్ళు బేరర్‌గా చేశాడు. క్లబ్బు మూసేశాక రెండు చెక్కపెట్టెలతో సొంతూరు దర్శికొచ్చి, సాగర్ కాలవ పక్కనున్న ఎకరంలో మిరప వేసుకున్నాడు. గదిలోకి వచ్చేముందు ట్రే మీద రెండుసార్లు తట్టడం క్లబ్బులో అలవాటట. మా ఇంటికొచ్చినా అంతే. తలుపు తెరిచి ఉన్నా సరే గొళ్ళెం మీద టక్ టక్‌మని రెండుసార్లు తట్టి, "మేస్టారూ" అని మెల్లిగా పిలిచేవాడు. వర్జీనియా ఆకు చిదిపి, అందులో లవంగం నలిపి, తనే సిగరెట్ చుట్టుకునేవాడు. అతను వెళ్ళిపోయిన గంటకి కూడా ఆ లవంగం వాసన గదిలోనే ఉండేది.

అన్నీ ఇచ్చాడు గానీ ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. ఇత్తడి చెయ్యి. మణికట్టు దాకా కుడిచెయ్యి, అరచెయ్యి పైకి తెరిచి, ఎవరినో ఏదో అడుగుతున్నట్టు ఉంటుంది. గీతలు, గోళ్ళు, కణుపులు అన్నీ ఉన్నాయి. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య సిగరెట్ పెట్టే గాడి. అలాంటి పనితనం నేనింకెక్కడా చూడలేదు. అడగ్గా అడగ్గా, పోనీ బొమ్మయినా గీసుకోండి అని ఒక రోజంతా ఇచ్చి పట్టుకెళ్ళాడు.

"ఇది మాత్రం అడక్కండి మేస్టారూ. నాకు పిట్టకి పెట్టే రోజున ఈ చేతిలో ఒక సిగరెట్ ముట్టించి పెట్టమని మా ఆడదానికి చెప్పాను. ముప్ఫయ్యేళ్ళు అందరికీ నేను పట్టుకున్నాను. ఒక్కరోజు నాకెవరైనా పట్టాలిగా."

మా వైపు ఆచారం అది. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా కనిపెట్టుకుని ఉంటారు. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం.

రెండువేల ఒకటి మే నెలలో వడదెబ్బకి బుల్లయ్య పోయాడు. కబురు తెలిసి పరిగెత్తాను. వసారాలో పడుకోబెట్టారు. అతని భార్య వెంకటరావమ్మ నన్ను చూసి బావురుమంది. "మేస్టారూ, లోపల కిటికీలో ఆయన ఫోటో ఉంది. దండ వెయ్యాలి. కాస్త తెచ్చిపెట్టండి" అంది.

ఫోటో పక్కనే చెయ్యి ఉంది.

వీళ్ళు దీన్ని కాలవలో పారేస్తారు, లేదా ఎవడో కరిగించేస్తాడు, నా దగ్గరైతే భద్రంగా ఉంటుంది అనుకున్నాను. పాడు బుద్ధికి సాకులు చెప్పడం ఎవరూ నేర్పక్కర్లేదు. నాకు అప్పుడు నిజంగానే ఏడుపొస్తోంది. ఏడుస్తూనే దాన్ని సంచిలో వేసుకున్నాను. ఫోటో తెచ్చి ఆవిడ చేతికిచ్చాను. "మీరున్నారు కాబట్టి సరిపోయింది" అంది.

మూడో రోజు చిన్న దినం. కాలవ గట్టు మీద విస్తరి వేసి అన్నం, కోడికూర, పక్కనే గ్లాసులో బ్రాందీ పెట్టారు. చెయ్యి కనపడలేదు కాబట్టి సిగరెట్ ముట్టించి ఇటుకరాయి మీద ఉంచారు. తుమ్మచెట్టు మీద పది పన్నెండు కాకులు ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. గంటయింది. రెండు గంటలయింది. సిగరెట్ దానంతటదే కాలి బూడిదైపోయింది.

"ఆ ఇత్తడి చెయ్యి ఏది వదినా?" అన్నాడు యలమందయ్య, బుల్లయ్య తమ్ముడు.

"కిటికీలోనే ఉండాలయ్యా. ఇల్లంతా వెతికాను."

"కాళ్ళొచ్చి నడిచిపోయిందా? ఆయన పొగ తాగితే రోజూ తిట్టిపోసేదానివిగా. పాతసామాన్ల బండివాడికి వేసేసి ఉంటావు."

"నేనివ్వలేదు. ఇచ్చుంటే నా కళ్ళు పోవాలి" అంది వెంకటరావమ్మ, అందరి ముందూ.

ఆవిడకి మూడు అడుగుల దూరంలో నిలబడ్డాను నేను. నోరు తెరిస్తే ఒక్క మాట. తెరవలేదు. ఎండ మండిపోతుంటే చివరికి ఆ అన్నం ఆవుకి పెట్టి అందరూ ఇళ్ళకి పోయారు.

ఆ మర్నాడు పొద్దున చూస్తే, అల్మరాలో వెనగ్గా దాచిన చేతిలో చిటికెడు బూడిద ఉంది. కోటేశ్వరి ఊదొత్తి దులిపిందనుకున్నాను. అడిగితే, "నీ సామాన్లు నేనెప్పుడు ముట్టుకున్నాను?" అంది. తుడిచేశాను. తర్వాతి రోజు మళ్ళీ ఉంది. ఆ తర్వాత కూడా. చిత్రమేమిటంటే ఇత్తడి చల్లగా లేదు. ఇప్పుడే ఎవరో పట్టుకుని వదిలినట్టు వెచ్చగా ఉండేది.

పదో రోజు. బడికి సెలవులు. కోటేశ్వరి పిల్లని తీసుకుని అద్దంకిలో పుట్టింటికి వెళ్ళింది. బయట వడగాలి. తలుపులూ కిటికీలూ వేసి, తడిపిన గోనెపట్టాలు వేలాడదీసి చాప మీద పడుకున్నాను. ఒంటిగంటకి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. మిట్టమధ్యాహ్నం, బయట కళ్ళు తెరవలేని ఎండ, లోపల చెయ్యి చాస్తే కనపడనంత చీకటి. పక్కవాళ్ళ దొడ్లో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్న ఘాటు సందుల్లోంచి వస్తోంది. వీధిలో కుక్క కూడా అరవడం లేదు. గోనె నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. వాటిని వింటూ కళ్ళు మూసుకున్నాను.

మిరప ఘాటులోంచి మెల్లిగా ఇంకో వాసన వచ్చింది.

లవంగం.

లేచి కూర్చున్నాను. గోనె కారడం ఆగిపోయింది...

టక్. టక్.

గొళ్ళెం మీద. రెండే రెండుసార్లు.

ఎవరని అడగలేదు. ఎవరో నాకు తెలుసు. గుండె చప్పుడు వినపడకుండా రెండు చేతులూ అదుముకుని కూర్చున్నాను. తలుపు తీయకపోతే వెళ్ళిపోతాడనుకున్నాను. అతనెప్పుడూ నేను పిలవకుండా లోపలికి రాలేదు...

అల్మరా దగ్గర గాజు గాజుకి తగిలింది.

లోపలే. గదిలోనే. నాకు నాలుగడుగుల దూరంలో ఎవరో తీరిగ్గా గ్లాసులు సర్దుతున్నారు. ఒకటి తీయడం... గుడ్డతో తుడవడం... పెట్టడం. మళ్ళీ ఇంకొకటి. నీళ్ళు పోస్తున్న చప్పుడు. కంగారు లేదు. ముప్ఫయ్యేళ్ళు చేసిన పని కదా.

"బుల్లయ్యా..." అన్నాను.

చప్పుడు ఆగింది. అడుగులు దగ్గరికొచ్చాయి. ఎవరో వంగారు. చెవి పక్కన వెచ్చటి ఊపిరి, లవంగం వాసనతో.

"ఇంకేమైనా కావాలా మేస్టారూ..."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. కాళ్ళ మీద పడేవాణ్ణి. అది ఎంతో మర్యాదగా, నేనేదడిగినా తెచ్చిపెట్టేట్టు, నా జవాబు కోసం కాచుకుని ఉంది.

ఎంతసేపో తెలియదు. కరెంటొచ్చింది. ఫ్యాను తిరిగింది. లైటు వెలుగులో గది ఖాళీగా ఉంది. తలుపు లోపలి గడియ వేసింది వేసినట్టే ఉంది. నా డ్రాయింగు బల్ల మీద గ్లాసులూ కప్పులూ అన్నీ తళతళలాడుతూ వరసగా ఉన్నాయి. కొన్నప్పటి నుంచీ దుమ్ము పట్టినవి. ఒక్కోదాంట్లో వేలెడు చొప్పున చల్లటి నీళ్ళు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు.

మధ్యలో ఇత్తడి చెయ్యి ఉంది. దాని ఆకారంలో ఏదో తేడా కనిపించింది. బొమ్మల పుస్తకం తీసి, స్కేలు పెట్టాను. నేను గీసినప్పుడు బొటనవేలి కొస నుంచి చూపుడువేలి కొసకి పది సెంటీమీటర్లు. ఇప్పుడు ఏడు. పోత పోసిన ఇత్తడి. వేళ్ళు ముడుచుకుంటున్నాయి.

మర్నాడే పెద్ద దినం. తెల్లారేసరికి చెయ్యి పట్టుకుని కాలవ గట్టుకి వెళ్ళాను. దారంతా ఒకటే అనుకున్నాను, నిజం చెప్పేస్తాను, మొహాన ఉమ్మేసినా సరే. తీరా అందరి కళ్ళూ నా మీద పడేసరికి నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"బండి మీద తిరిగే పాతసామాన్లవాడి దగ్గర కనిపిస్తే తీసుకున్నానండి. బుల్లయ్యదేనని గుర్తుపట్టాను."

యలమందయ్య దాన్ని అందుకుని సిగరెట్ ముట్టించి వేళ్ళ మధ్య పెట్టాడు. అతనింకా వెనక్కి తిరగలేదు, కాకులన్నీ ఒక్కసారిగా దిగాయి. నిమిషంలో విస్తరి ఖాళీ. ఆడవాళ్ళు దణ్ణాలు పెట్టుకున్నారు. యలమందయ్య మాత్రం వెంకటరావమ్మ వైపు తిరిగాడు.

"ఇప్పుడేమంటావు వదినా? మరి బండివాడికి నేనిచ్చానా?"

ఆవిడ నా వంక చూసింది. ఫోటో తెచ్చిపెట్టమని నన్ను లోపలికి పంపిన సంగతి గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. "మీరైనా చెప్పండి మేస్టారూ" అంది మెల్లిగా.

నేను కాలవ వంక చూశాను.

ఆ చేతిని విస్తరితో పాటు కాలవలో వేసేశారు. ఆ తర్వాత మా గొళ్ళెం ఎవరూ తట్టలేదు. వెంకటరావమ్మతో మాత్రం మరుదులూ తోడికోడళ్ళూ మాటలు మానేశారు. మొగుడి ఆఖరి కోరిక అమ్ముకున్న మనిషని ఊరంతా అన్నారు. ఏడేళ్ళు ఒక్కతే ఊళ్ళో వాళ్ళ దొడ్లలో మిరప తొడిమలు తీసి బతికింది. నాలుగేళ్ళ కిందట ఆవిడకి చూపు పోయింది, ఆ తర్వాత తడుముకుంటూనే తీసేది. కారం దుమ్ము అన్నాడు డాక్టరు. ఒట్టు తగిలిందన్నారు జనం. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఆ వీధి తప్పించి వేరే దారిన బడికి వెళ్ళేవాణ్ణి.

కిందటి వారం ఆవిడ పోయింది. చిన్న దినానికి వెళ్ళాను, దూరంగా నిలబడ్డాను. అదే తుమ్మచెట్టు. అవే కాకులు. ఒక్కటీ దిగలేదు. "ఈవిడకేం కోరిక మిగిలిందో" అన్నాడు యలమందయ్య. అదేమిటో అక్కడున్నవాళ్ళలో నాకొక్కడికే తెలుసు. అప్పుడూ నోరు తెరవలేదు.

రేపు పెద్ద దినం. చెప్తాను. రేపు తప్పకుండా చెప్తాను.

ఇవాళ మధ్యాహ్నం ధైర్యం కోసం ఆ పాత బొమ్మల పుస్తకం తీశాను, ఏడేళ్ళ తర్వాత. చెయ్యి ఉన్న పేజీలో కొలతలు నావే, తేదీ నాదే. నేను గీసింది తెరిచిన చెయ్యి. కాగితం మీద ఇప్పుడున్నది మూసిన పిడికిలి. వేళ్ళ సందులోంచి ఎండుమిరప తొడిమ కొస ఒకటి బయటికొచ్చి ఉంది. అది నేను గీయలేదు. రబ్బరు పెట్టి తుడిచాను. పోలేదు. ఆ చేత్తోనే పొరపాటున కళ్ళు తుడుచుకున్నాను.

సబ్బుతో నాలుగుసార్లు కడిగాను. సాయంత్రమవుతోంది, మంట తగ్గలేదు. ఎదురుగా అల్మరాలో కప్ప ఉందని తెలుసు, తాబేలు ఉందని తెలుసు... కానీ ఏది ఏదో కళ్ళకి ఆనడం లేదు.