ఎడమ బొటనవేలు

పొద్దెక్కేలోపు బీరమ్మకు ఎన్ని పనులో! గొర్రెల దొడ్డి ఊడ్వాలి. మామకు నీళ్లు కాచాలి. పడిపోయిన ఆయన ఎడమచేతిని ఇరవైసార్లు పైకెత్తి దించాలి. మోచేయి ఇరవైసార్లు వంచాలి. బిగుసుకున్న పిడికిలిలోంచి వేళ్లను ఒక్కొక్కటే విప్పాలి. గోడకు ఆనించి కూర్చోబెట్టి జొన్న గటక తినిపించాలి.

ఆ పనులన్నీ గడపలో కూర్చుని గుర్వమ్మ కళ్లప్పగించి చూస్తోంది. ఆమె ఆ ఇంటి పెద్ద ఆడబిడ్డ. తండ్రి భిక్షానికి పక్షవాతం వచ్చిన రెండు నెలలకు, పందొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో, నిన్ననే అత్తగారి ఊరినుంచి వచ్చింది.

“గంతగనం గుంజుతున్నవేందే? మా బాపు చెయ్యా, గొర్రె కాలా?”

“ఇస్రాయేలు సారు గిట్లనే చెయ్యమన్నడు వదినె. ఇడిసిపెడితే కీళ్లు బిగుసుకపోతయట.”

“ఎవ్వలా సారు? డాక్టరా?”

“కాదు, పాలమూరు దవాఖానల కసరత్తు చేపిచ్చేటాయన. సోమారం సోమారం సైకిలేసుకొని వస్తడు.”

“మందియ్యడు, సూదియ్యడు. చెయ్యి పిసుకుడుకే అంత దూరం వస్తడా? వట్టిగనే?”

బీరమ్మ బిందె ఎత్తుకుని బావికి వెళ్లింది. అలా వెళ్లిపోవడం గుర్వమ్మకు నచ్చలేదు. తండ్రి ముఖం తుడుస్తూ చేయి చూసింది. ఎడమ బొటనవేలి గోటి సందున నల్లటి మసి!

మగవాళ్లతో కాగితాల మీద వేయించేది ఎడమ బొటనవేలే. అక్షరం ముక్క రాకపోయినా ఆ సంగతి ఆమెకు తెలుసు. పసుపుకుంకుమ కింద తనకు ఎకరం చెలక భూమి ఇస్తానని తండ్రి మాటిచ్చాడు. మాటే తప్ప కాగితం లేదు.

“బాపూ, నీతోని ఏలుముద్ర ఏపిచ్చిండ్రా?”

భిక్షం వంకరపోయిన మూతితో నవ్వి, అవునని తలూపాడు. ఇంకేదో చెప్పబోయాడు కానీ, మాట ముద్దముద్దగా బయటికి వచ్చేసరికి గుర్వమ్మ అక్కడ లేదు. బీరమ్మ పెట్టె తెరిచింది. చీరల అడుగున ఒక కాగితం. దాని నిండా నల్లటి ముద్రలు, పక్కన రాతలు.

అది చదివించడానికి బడిపంతులు కృష్ణయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. నెల్లాళ్లు మందతో అమ్రాబాద్ అడవిలో తిరిగి మొన్ననే ఇల్లు చేరిన తమ్ముడు దుర్గయ్యనూ పిలిచింది. అప్పుడే బీరమ్మ నీళ్లబిందెతో వచ్చింది.

“తమ్మీ, నీ పెండ్లాం ఏం రాపిచ్చుకున్నదో ఇను! మంచాన పడ్డ మనిషి ఏలు పట్టి ఒత్తిచ్చుకునేటందుకు సిగ్గు లేదా?”

“అక్కా, నోరు జారకు,” అన్నాడు దుర్గయ్య. కానీ భార్య వైపు తిరిగి, “ఏంది గది?” అని అడిగాడు.

గుర్వమ్మ తిట్టు కన్నా మొగుడి చూపు బీరమ్మకు ఎక్కువ నొప్పి పెట్టింది. “ఇద్దరు గల్సి సదివిచ్చుకోండ్రి,” అని బిందె దించి నిలబడింది.

పంతులు కళ్లజోడు సరిచేసుకున్నాడు.

“మొదటి సోమవారం: మరక మాత్రమే. వేలు పిడికిలి నుంచి రాలేదు. రెండవ సోమవారం: గోరు తాకింది. మూడవ సోమవారం: జ్వరం, వేయలేదు. నాలుగవ సోమవారం: సగం వేలు. ఎవరూ పట్టుకోలేదు. ఐదవ సోమవారం: నిండు ముద్ర. భిక్షం నవ్వినాడు. కోడలు రోజూ రెండు పూటలా చేయించినందువల్లనే.”

“జాగ ముచ్చట?” గుర్వమ్మ కాగితంలోకి తొంగి చూసింది.

“ఎక్కడా లేదమ్మా. చెయ్యి ఎంత తెరుచుకుందో చూసుకోవడానికి ఇస్రాయేలు సారు రాసుకున్నది.”

“నే... నే,” అని మంచం మీంచి వినిపించింది. అందరూ తిరిగి చూశారు. మోకాలి మీది పిడికిలిలోంచి భిక్షం బొటనవేలు వణుకుతూ, ఎవరి సాయమూ లేకుండా, పైకి లేస్తోంది. “నేనే... ఏసిన.”

గుర్వమ్మ ఆ చేతిని కళ్లకద్దుకుని బావురుమంది. “బీరమ్మా, నా నోరు పడిపోను!”

“గా మాటనకు వదినె,” కళ్లు ఒత్తుకుంటూనే అంది బీరమ్మ. “ఇంట్ల పడిపోయిన ఒక్క చెయ్యి బాగు చేస్తానికే నా నడుము ఇరుగుతాంది.”

దుర్గయ్య గటక గిన్నె తీసుకుని తండ్రి పక్కన కూర్చున్నాడు.

కొన్ని నెలలకు భిక్షం మళ్లీ గొర్రెల వెంట నడిచాడు. ఊళ్లో అందరూ ఇస్రాయేలును మెచ్చుకున్నారు. మెచ్చుకోదగిన మనిషే. అయితే ఆ కాగితం మీద ఆయన కూడా ‘కోడలు’ అని మాత్రమే రాశాడు. ఆమె పేరు బీరమ్మ. చదివినవాళ్లు దయచేసి గుర్తుంచుకోండి.